హార్మోను వచ్చి చెబుతుంది, తేల్చేది కణం

డిగ్రీలో కొత్తగా చేరిన పిల్లల్ని స్టెరాయిడ్ హార్మోను ఎలా పనిచేస్తుందని అడిగితే దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు. హార్మోను కొవ్వులో కరుగుతుంది కాబట్టి కణత్వచం దాటి లోపలికి వెళ్తుంది. అక్కడ హార్మోనుని పట్టుకునే ప్రోటీన్‌కి, అంటే రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. ఆ జంట కేంద్రకంలో డీఎన్ఏ మీద కూర్చుంటుంది. జన్యువు పని మొదలుపెడుతుంది. పక్కనే తాళం, తాళంచెవి బొమ్మ. ఇంటర్‌లో చదివింది పొల్లుపోకుండా అప్పజెబుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ జువాలజీ పాఠం చెప్పేదాన్నిగా ఈ జవాబుతో నాకు ఎప్పట్నుంచో పేచీ ఉంది. అసలు సంగతి మొదలయ్యే చోట ఇది ఆగిపోతుంది.

ఒకే ఈస్ట్రోజెన్ రొమ్ములో ఒక జన్యువుల గుంపుని లేపుతుంది, ఎముకలో ఇంకో గుంపుని, కాలేయంలో మరో గుంపుని. తాళంచెవి అదే, తాళమూ అదే. మరి తెరుచుకునే గదులు ఎందుకు వేరు? ఈ ప్రశ్న అడిగే పిల్లలు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళకి పుస్తకంలో జవాబు ఉండదు. జవాబు లేక కాదు, అది 1990ల్లోనే చాలావరకు తేలిపోయింది. దాన్ని మనం ఎమ్మెస్సీ దాకా దాచిపెట్టాం, అంతే.

నేను వాదించేది ఒక్కటే. హార్మోను ఏం చేస్తుందన్నది హార్మోనులో రాసి లేదు. రిసెప్టర్‌లో కూడా పూర్తిగా లేదు. ఆ రిసెప్టర్ చుట్టూ ఆ కణంలో ఏ కోఫ్యాక్టర్లు, అంటే తోడు ప్రోటీన్లు, చేరతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది చెప్పకుండా వదిలేస్తే మందుల గురించీ, బ్లడ్ రిపోర్టుల గురించీ, 'హార్మోన్ల తేడా' అని అందరం ఇట్టే అనేసే మాట గురించీ జనానికి తప్పుడు బొమ్మే మిగులుతుంది. అలాంటి బొమ్మతో ఒంటికి హాని జరుగుతుంది కూడా.

రిసెప్టర్ అనేది ఒకటుందని మొదట చూపించిన ఎల్వుడ్ జెన్సెన్ దగ్గర్నుంచి మొదలుపెడతాను. 1950ల చివర్లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయనా హెర్బర్ట్ జాకబ్సన్ కలిసి ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్‌కి ట్రిషియం తగిలించారు, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్. ఈస్ట్రోజెన్ ఎంజైముల ఆక్సీకరణ చర్యల్లో పాల్గొని, తాను మారుతూ పని చేయిస్తుందని అప్పట్లో పండితుల నమ్మకం. జెన్సెన్ ఇంకా ఎదగని ఆడ ఎలుకలకి అతి కొద్ది మోతాదు ఇచ్చి, ఏ అవయవంలో ఎంతసేపు నిలుస్తుందో కొలిచారు. రక్తంలోంచి, కండరంలోంచి తొందరగానే వెళ్ళిపోయింది. గర్భాశయంలో మాత్రం గంటల తరబడి నిలిచింది, అదీ రసాయనికంగా ఏ మార్పూ లేకుండా. 1958లో వియన్నాలో జరిగిన జీవరసాయన మహాసభలో ఆయన ఈ ఫలితం చదివితే వినడానికి వచ్చింది ఐదుగురు. అందులో ముగ్గురు తమ వంతు కోసం కూర్చున్న వక్తలు. ఎంజైముల మీద జరుగుతున్న పక్క సభ మాత్రం కిటకిటలాడిందట.

ఆ ఫలితంలో అప్పటికే మనకి కావలసిన సూచన ఉంది. హార్మోను ఎలా వెళ్ళిందో అలాగే ఉంది. తాను ఏమీ చెయ్యలేదు. చేసిందంతా ఆ కణజాలమే.

హార్మోను జన్యువుల మీదే పనిచేస్తుందని కళ్ళతో చూపించింది మాత్రం పురుగులు. మురుగు నీళ్ళలో ఎర్రగా మెలికలు తిరిగే కైరోనోమస్ లార్వాని మా ల్యాబులో ఇప్పటికీ వాడతాం. సెలైన్ చుక్కలో ఉంచి, ఒక సూదితో ఒంటిని అదిమిపట్టి, ఇంకో సూదితో తలని మెల్లగా లాగితే లాలాజల గ్రంథులు గాజుముక్కల్లా బయటికొస్తాయి. ఎసిటోకార్మైన్ రంగు వేసి కాసేపు ఆగి, కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపరు పెట్టి బొటనవేలితో నొక్కాలి. జారితే అంతా చెదిరిపోతుంది. జారకుండా నొక్కినవాళ్ళకి మైక్రోస్కోపులో లావుపాటి చారల క్రోమోజోములు, వాటి మీద అక్కడక్కడ ఉబ్బిన పఫ్‌లు కనిపిస్తాయి. ఉబ్బిన చోట డీఎన్ఏ విచ్చుకుని ఆర్ఎన్ఏ తయారవుతోందని అర్థం. 1960లో ఉల్రిక్ క్లెవర్, పీటర్ కార్ల్‌సన్ ఈ లార్వాలకి, పురుగుల్ని రూపం మార్పించే ఎక్డైసోన్ హార్మోను ఎక్కిస్తే గంటలోపే నిర్దిష్టమైన చారల దగ్గర కొత్త పఫ్‌లు లేచాయి. హార్మోను వచ్చింది, జన్యువు లేచింది. ఇంతకంటే సూటిగా ఎవరు చూపించగలరు?

మన పట్టు రైతులకి ఈ హార్మోను పరిచయమే. మల్బరీ ఆకు మీద ఎక్డైసోన్ జాతి మందు చల్లి మేపితే పురుగులన్నీ ఇంచుమించు ఒకేసారి గూడు కట్టడానికి వస్తాయి.

పఫ్ చూపించాక నేను పిల్లలకి రెండో సగం చెబుతాను. ఇదే ఎక్డైసోన్, ఇదే రిసెప్టర్. పండు ఈగ ప్యూపాగా మారేటప్పుడు లాలాజల గ్రంథికి ఆ హార్మోను అందితే గ్రంథి కణాలు చచ్చిపోతాయి. అదే ఒంట్లో, అదే రక్తంలో తడుస్తున్న రెక్కల మొగ్గకి అందితే అది ఎదిగి రెక్క అవుతుంది. ఒకరికి చావు కబురు, ఇంకొకరికి పుట్టుక. కబురు మాత్రం ఒక్కటే. ఇక్కడ తాళంచెవి బొమ్మ చెప్పగలిగింది ఏమీ లేదు.

రిసెప్టర్ జన్యువులు 1985, 86ల్లో చేతికి చిక్కాయి. శాన్ డియేగోలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌నీ, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో పియర్ షాంబోన్ బృందం ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌నీ పట్టుకున్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకే కుటుంబం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, టెస్టోస్టిరాన్, కార్టిసాల్, థైరాయిడ్ హార్మోను, విటమిన్ డి, విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం, అన్నిటికీ ఒకే నమూనా రిసెప్టర్లు. వీటినే న్యూక్లియర్ రిసెప్టర్లంటారు. మనిషి జీనోములో మొత్తం 48 ఉన్నాయి. మధ్యలో జింక్ అణువులతో కట్టిన రెండు వేళ్ళు డీఎన్ఏని పట్టుకుంటాయి. చివర్లో హార్మోను దూరే గుంట ఉంటుంది. ఈ పనికి జెన్సెన్, షాంబోన్, ఎవాన్స్ ముగ్గురికీ కలిపి 2004లో లాస్కర్ బహుమతి ఇచ్చారు.

రిసెప్టర్ దొరికింది కదా, కథ అయిపోయింది అనుకుంటారు ఎవరైనా. షాంబోన్ ప్రయోగశాలలోనే 1989లో ఒక చిక్కు బయటపడింది. ఒక కణంలో ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ చక్కగా పనిచేస్తుండగా ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ని అదనంగా కుమ్మరిస్తే మొదటిదాని పని పడిపోయింది. రెండూ డీఎన్ఏ మీద ఒకే చోటు కోసం కొట్టుకోవడం లేదు. అంటే ఇద్దరికీ అవసరమైనది, కణంలో పరిమితంగా ఉన్నది, మూడోది ఏదో ఉండాలి. దాన్ని రెండో రిసెప్టర్ లాగేసుకుంటోంది. కళ్ళకి కనబడకముందే కోఫ్యాక్టర్ ఉనికిని ఇలా లెక్కగట్టారు. ఈ ప్రయోగం పాఠంలో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

1995లో ఆ మూడోవాళ్ళు రెండు వైపుల నుంచీ దొరికారు. హ్యూస్టన్‌లో బెర్ట్ ఓమాలీ బృందం ఎస్‌ఆర్‌సీ-1 అనే కోయాక్టివేటర్‌ని పట్టింది. ఓమాలీ అంతకుముందే కోడిపిల్లల అండనాళంలో ప్రొజెస్టిరాన్ కొత్త సందేశ ఆర్ఎన్ఏ పుట్టిస్తుందని చూపించినవాడు. అదే ఏడాది ఎన్‌కార్, స్మర్ట్ అనే కోరెప్రెసర్లు కూడా బయటపడ్డాయి. ఒకటి జన్యువుని లేపే జట్టు, ఇంకొకటి అణిచే జట్టు.

ఇవి చేసే పని అర్థం కావాలంటే డీఎన్ఏ కేంద్రకంలో ఎలా ఉంటుందో గుర్తు చేసుకోవాలి. విప్పి పరిస్తే ఇంచుమించు రెండు మీటర్ల దారం, హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్ల తోకల్లో లైసిన్లు ధనావేశంతో ఉంటాయి, డీఎన్ఏకి ఋణావేశం, అందుకే అంత బిగుతు. ఎస్‌ఆర్‌సీ-1 వచ్చి కూర్చుని పీ300, సీబీపీ అనే పెద్ద ప్రోటీన్లని పిలుస్తుంది. అవి ఆ లైసిన్లకి అసిటైల్ గుంపులు తగిలిస్తాయి. ఆవేశం పోతుంది, పట్టు సడలుతుంది, దారం విచ్చుకుంటుంది. మీడియేటర్ అనే ఇంకో పెద్ద సమూహం వచ్చి ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ని అందుకుని జన్యువు మొదట్లో నిలబెడుతుంది. ఎన్‌కార్, స్మర్ట్‌ల పని దీనికి సరిగ్గా ఎదురు. అవి హెచ్‌డాక్-3 అనే ఎంజైముని వెంటబెట్టుకొస్తాయి, అది అసిటైల్ గుంపుల్ని పీకేస్తుంది, దారం మళ్ళీ బిగుసుకుంటుంది.

ఇదంతా ఒకసారి జరిగి ఆగిపోయేదీ కాదు. ఈస్ట్రోజెన్ ఇచ్చాక జన్యువు మొదట్లో ఎవరెవరున్నారో నిమిషాల లెక్కన చూస్తే రిసెప్టరూ కోఫ్యాక్టర్లూ వస్తూ పోతూ ఉంటాయి, నలభై నిమిషాలు, గంట చొప్పున ఒక్కో ఆవృత్తం. స్విచ్ వేస్తే లైటు వెలిగినట్టు చెప్పే బొమ్మ ఇక్కడ కూడా చాలదు.

రిసెప్టర్ కోయాక్టివేటర్‌ని ఎలా గుర్తుపడుతుంది? హార్మోను దూరే భాగం పన్నెండు హెలిక్స్‌లతో, అంటే స్ప్రింగులా మెలితిరిగిన ముక్కలతో, అల్లి ఉంటుంది. చివరిది, పన్నెండోది, తలుపు గడియలాంటిది. ఈస్ట్రడయాల్ గుంటలో సరిగ్గా కూర్చుంటే ఆ గడియ దాని మీదికి మూసుకుంటుంది. మూసుకోగానే పైన ఒక చిన్న గాడి ఏర్పడుతుంది. కోయాక్టివేటర్లన్నిటికీ ఆ గాడిలో పట్టే ముక్క ఒకటుంది. ఒక లూసిన్, తర్వాత ఏవైనా రెండు అమైనో ఆమ్లాలు, మళ్ళీ రెండు లూసిన్లు. 1997లో లండన్‌లో మాల్కమ్ పార్కర్ బృందం చూపించింది దీన్నే. ఐదు అమైనో ఆమ్లాల ఈ చిన్న ముక్క మీద మన పునరుత్పత్తి, జీర్ణక్రియ, ఎముకల గట్టిదనం, అన్నీ ఆధారపడి ఉన్నాయి.

ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకెళ్ళలేను. హైదరాబాద్ ఉస్మానియాలో వైద్యం చదివి అమెరికా వెళ్ళిన జనార్దన్ రెడ్డి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పాథాలజీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. రక్తంలో కొవ్వు తగ్గించే క్లోఫైబ్రేట్ లాంటి మందులు ఎలుకల కాలేయంలో పెరాక్సిజోములనే చిన్న సంచుల్ని విపరీతంగా పెంచుతాయి, చివరికి గడ్డలు లేపుతాయి. ఈ మందులు డీఎన్ఏని నేరుగా పాడుచెయ్యవు, అయినా క్యాన్సర్ తెస్తాయి, కాబట్టి ఇది కొత్త తరగతి అని ఆయన బృందం 1980లో ప్రకటించింది. కణంలో వీటిని పట్టే ప్రోటీన్ ఉండి తీరాలని కూడా ఆయన వాదించారు. 1990లో బ్రిటన్‌లో అది దొరికింది, పీపార్ అని పేరుపెట్టారు. అదీ న్యూక్లియర్ రిసెప్టరే. షుగరుకి వాడే పయోగ్లిటజోన్ పనిచేసేది ఈ కుటుంబంలోని ఇంకో సభ్యుడి మీద.

రెడ్డి అక్కడితో ఆగలేదు. పీపార్‌కి అతుక్కునే కోయాక్టివేటర్ ఏదని వెతికి 1997లో పీబీపీ అనే ప్రోటీన్‌ని పట్టారు. అదే రోజుల్లో న్యూయార్క్‌లో ఒక బృందం థైరాయిడ్ రిసెప్టర్ వెంటపడి ఒక ప్రోటీన్‌ని, ఇంకో బృందం విటమిన్ డి రిసెప్టర్ వెంటపడి ఒక ప్రోటీన్‌ని పట్టుకున్నాయి. మూడూ పోల్చి చూస్తే ఒకటే! ఇప్పుడు దాన్ని మెడ్-1 అంటున్నాం, ఇందాక చెప్పిన మీడియేటర్‌లో భాగం. అది లేకుండా చేసిన ఎలుక పిండాలు కడుపులోనే చనిపోయాయి. వేర్వేరు హార్మోన్ల దారుల్లో వెళ్ళిన ముగ్గురూ ఒకే గుమ్మం ముందు కలుసుకున్నారు. మన రాష్ట్రంలో జీవశాస్త్రం చదివే పిల్లల్లో ఎంతమందికి ఈయన పేరు తెలుసు? నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు టామోక్సిఫెన్ దగ్గరికి వస్తాను. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, గడ్డలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉందని తేలి, రోజుకి 20 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్ ఐదేళ్ళు వేసుకోమన్నారు. ముట్లు ఆగిపోయి చాలాకాలమైన మనిషి. మధ్యలో ఒకసారి కాస్త రక్తం కనిపించింది. డాక్టరుకి చెబితే వెంటనే గర్భసంచి స్కానింగ్ రాశారు. రిపోర్టులో లోపలి పొర మందమైందని వచ్చింది, ముక్క తీసి పరీక్షకి పంపారు. చిన్న పాలిప్, ప్రమాదం లేదన్నారు. ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఆ సాయంత్రం పిన్ని నన్ను కూర్చోబెట్టి అడిగింది. "ఏమే, రొమ్ము కోసం వేసుకునే మాత్రకి గర్భసంచి ఎందుకే ఉబ్బింది?" నేను చెప్పాను, రొమ్ములో ఈ మందు ఈస్ట్రోజెన్‌ని ఆపుతుంది పిన్నీ, గర్భసంచిలో మాత్రం తనే ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది అని. ఆవిడ ఒప్పుకోలేదు. "ఒకే మాత్ర ఒకచోట ఆపి ఇంకోచోట పెంచడమేంటే? తను ఎక్కడుందో దానికి తెలుస్తుందా?"

"మాత్రకి తెలీదు పిన్నీ. అక్కడున్న కణానికి తెలుసు."

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మా పిన్ని అడిగిన ప్రశ్న, 1970ల నుంచీ ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలల్ని వేధించిన ప్రశ్నే. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ 1960ల్లో ఈ మందుని గర్భనిరోధకంగా పనికొస్తుందేమోనని తయారుచేసింది. ఎలుకల్లో పనిచేసింది, ఆడవాళ్ళలో అండం విడుదలని ఆపడం పోయి పెంచింది. పక్కన పడెయ్యాల్సిన మందు, క్యాన్సర్ వైపు తిరిగి బతికింది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్న రొమ్ము క్యాన్సర్‌లో ఐదేళ్ళు వేసుకుంటే ఆ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు మూడో వంతు దాకా తగ్గుతుందని దశాబ్దాల పరీక్షల్లో తేలింది. క్రెయిగ్ జోర్డన్ లాంటి శాస్త్రవేత్తలు జీవితాంతం ఈ ఒక్క మందు వెంట ఉన్నారు. అయితే ముట్లు ఆగిన స్త్రీలలో గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ ముప్పు ఇది రెండు మూడు రెట్లు పెంచుతుంది. ఎముకలకి మాత్రం మేలే చేస్తుంది. మొత్తంమీద లాభం చాలా ఎక్కువ, అందుకే వాడతారు. రక్తం కనిపిస్తే ఆగకుండా డాక్టరుకి చెప్పమనేదీ అందుకే.

లోపల ఏం జరుగుతోందో 1998లో శాన్ ఫ్రాన్సిస్కోలో తీసిన స్ఫటిక చిత్రాలు చూపించాయి. టామోక్సిఫెన్ గుంటలో దూరుతుంది కానీ దానికి పొడవాటి పక్క గొలుసు ఒకటుంది. అది బయటికి పొడుచుకొచ్చి పన్నెండో హెలిక్స్‌ని మూసుకోనివ్వదు. తోసేసిన ఆ హెలిక్స్ వెళ్ళి ఎక్కడ పడిందో తెలుసా? సరిగ్గా కోయాక్టివేటర్ కూర్చోవలసిన గాడిలో! ఆ హెలిక్స్‌లోనే లూసిన్ల ముక్కకి దగ్గరి పోలిక ఉన్న వరస ఉంది. రిసెప్టర్ తన గాడిని తానే మూసేసుకుంది. ఈ బొమ్మని మొదటిసారి చూసినప్పుడు ఇంత అందమైన సంగతి పిల్లలకి చెప్పకుండా ఎలా ఉంటున్నామా అనిపించింది.

అయితే ఆ బొమ్మ సగమే చెబుతుంది. గాడి మూసుకుపోతే అన్నిచోట్లా ఆగిపోవాలి, గర్భసంచిలో కూడా. 2002లో బోస్టన్‌లోని డానా ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో యోంగ్‌ఫెంగ్ షాంగ్, మైల్స్ బ్రౌన్ మిగతా సగం తేల్చారు. రొమ్ము క్యాన్సర్ కణాల్లో టామోక్సిఫెన్ పట్టిన రిసెప్టర్ జన్యువుల దగ్గరికి కోరెప్రెసర్లని తెస్తోంది. గర్భాశయ పొర కణాల్లో అదే రిసెప్టర్, అదే మందు, కొన్ని జన్యువుల దగ్గరికి కోయాక్టివేటర్లని తెస్తోంది. తేడా ఎక్కడ? గర్భాశయ కణాల్లో ఎస్‌ఆర్‌సీ-1 ఎక్కువగా ఉంది. ఆ కణాల్లో ఎస్‌ఆర్‌సీ-1ని తగ్గించేస్తే టామోక్సిఫెన్ అక్కడ ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తించడం మానేసింది. గాడి మూసుకున్నా రిసెప్టర్ ముందు భాగంలో ఇంకో అంటుకునే చోటుంది, సరుకు దండిగా ఉన్న కణంలో అది చాలు.

పిన్ని ప్రశ్నకి జవాబు ఇదే. రక్తంలో మందు మోతాదు కొలిచి ఈ జవాబు చెప్పలేం. రిసెప్టర్ ఉందా లేదా అని చూసి కూడా చెప్పలేం, రెండుచోట్లా ఉంది. ఆ కణం తన పుట్టుకలో, ఎదుగుదలలో ఏ కోఫ్యాక్టర్లని ఎంతెంత కూడబెట్టుకుందో తెలిస్తేనే చెప్పగలం. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఎస్‌ఆర్‌సీ-3 అనే ఇంకో కోయాక్టివేటర్ జన్యువు కాపీలు పెరిగిపోయి ఉంటాయని 1997లోనే కనుక్కున్నారు. క్యాన్సర్ కణానికి కూడా ఈ కీలకం తెలుసన్నమాట.

మన ఇళ్ళలో ఎక్కువగా వినిపించే హార్మోను థైరాయిడ్. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించడానికి పిట్యుటరీ గ్రంథి పంపే హార్మోను) ఎంతుందన్నది ఇప్పుడు బీపీ ఎంతుందన్నంత మామూలు మాట. హార్మోను తగ్గితే మాత్ర వేసుకుంటే సరిపోతుంది, ఆ మాత్ర లక్షలమందిని నిలబెడుతోంది, ఆ విషయంలో నాకు ఏ వాదనా లేదు. కానీ హార్మోను లేనప్పుడు రిసెప్టర్ ఊరికే కూర్చుంటుందనుకుంటాం చూడండి, అది తప్పు. థైరాయిడ్ రిసెప్టర్ హార్మోను లేకపోయినా డీఎన్ఏ మీదే ఉంటుంది, ఎన్‌కార్, స్మర్ట్‌లని పట్టుకుని జన్యువుల్ని అణిచిపెడుతుంది. హార్మోను వచ్చి చేసే మొదటి పని ఆ అణిచే జట్టుని వదిలించడం. థైరాయిడ్ గ్రంథి లేకుండా పుట్టించిన ఎలుకలు పాలు మానే వయసుకల్లా చనిపోతాయి. వాటిలోనే ఆల్ఫా రకం రిసెప్టర్ జన్యువుని కూడా తీసేస్తే బతికాయి! హార్మోను అప్పటికీ లేదు, రిసెప్టరూ పోయింది, అయినా బతికాయి. చంపింది హార్మోను లేకపోవడం ఒక్కటే కాదు, ఖాళీ రిసెప్టర్ పట్టుకుని వదలని కోరెప్రెసర్లు. పుట్టిన బిడ్డ మడమ గుచ్చి థైరాయిడ్ పరీక్ష చెయ్యడంలో తొందర ఎందుకో ఇది తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కొందరిలో రెండో రకమైన బీటా రిసెప్టర్‌లోనే లోపం ఉండి హార్మోను వచ్చినా కోరెప్రెసర్ ఊడదు. 1967లో శామ్యూల్ రెఫెటాఫ్ మొదట వర్ణించిన జబ్బు ఇది. రిపోర్టులో హార్మోను ఎక్కువ, టీఎస్‌హెచ్ మాత్రం తగ్గదు. గుండెలో ఎక్కువగా ఉండేది ఆల్ఫా కాబట్టి గుండె దడదడలాడుతుంది, పిట్యుటరీలో పనిచేసేది బీటా కాబట్టి దానికి ఏమీ వినబడదు. ఒకే మనిషి ఒంట్లో ఒక అవయవానికి హార్మోను ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. అంకె ఒకటి చూసి గ్రంథిని తీసేసిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి.

ఒక రకం రక్త క్యాన్సర్‌లో ఈ జ్ఞానం నేరుగా ప్రాణాలు కాపాడింది. ప్రోమైలోసైటిక్ లుకేమియాలో రెటినోయిక్ ఆమ్ల రిసెప్టర్, పీఎంఎల్ అనే ఇంకో ప్రోటీన్‌తో అతుక్కుపోతుంది. ఆ అతుకు కోరెప్రెసర్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే ఒంట్లో మామూలుగా ఉండే రెటినోయిక్ ఆమ్లం దాన్ని వదిలించలేదు. తెల్లకణాలు ఎదగకుండా పిల్లదశలోనే ఇరుక్కుపోతాయి. షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ బృందం మందు మోతాదులో రెటినోయిక్ ఆమ్లం ఇస్తే 24 మంది రోగుల్లోనూ జబ్బు అణిగిందని 1988లో ప్రకటించింది. కణాల్ని చంపలేదు, ఎదగనిచ్చింది. ఎందుకు పనిచేసిందో పదేళ్ళ తర్వాత తెలిసింది, ఆ మోతాదుకి కోరెప్రెసర్ ఊడుతుంది. రిసెప్టర్ పీఎంఎల్‌తో కాక పీఎల్‌జెడ్‌ఎఫ్ అనే ప్రోటీన్‌తో అతుక్కున్న అరుదైన రోగుల్లో ఇదే మందు పనిచెయ్యదు. కారణం, కోరెప్రెసర్‌ని పట్టుకునే రెండో చోటు పీఎల్‌జెడ్‌ఎఫ్‌లోనే ఉంది, దానికి రెటినోయిక్ ఆమ్లంతో సంబంధం లేదు.

ఇక స్టెరాయిడ్ల మాట. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మన ఊళ్ళలో కీళ్ళనొప్పికి, ఆయాసానికి, దద్దురుకి, ఆఖరికి జ్వరానికి కూడా డెక్సామెథసోన్ సూది పడుతుంది. పొద్దున వేస్తే సాయంత్రానికి లేచి తిరుగుతారు, 'చెయ్యి మంచిది' అనే పేరు వస్తుంది. ఇంకోవైపు, స్టెరాయిడ్ అన్న మాట వింటేనే భయపడి, ఉబ్బసం ఉన్న పిల్లాడికి డాక్టరు రాసిన ఇన్‌హేలర్ కూడా మానేసే తల్లిదండ్రులు. ఈ రెండూ ఒకే తప్పుడు బొమ్మ నుంచి పుట్టాయి. మందుకి ఒక గుణం ఉంటుందని, అది మంచిదో చెడ్డదో అయి ఉంటుందని.

డెక్సామెథసోన్ గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ని పడితే అది కేంద్రకంలోకి వెళ్తుంది. ఊపిరితిత్తుల్లోని రక్షణ కణాల్లో వాపు పుట్టించే జన్యువుల మీద ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ వాటిని లేపడానికి కూర్చుని ఉంటే, రిసెప్టర్ దాని పక్కన చేరి అణిచే జట్టుని రప్పిస్తుంది. వాపు తగ్గుతుంది. కాలేయంలో అదే రిసెప్టర్ కోయాక్టివేటర్లని తెచ్చి గ్లూకోజు తయారుచేసే జన్యువుల్ని లేపుతుంది. షుగర్ పెరుగుతుంది. మెదడు కింది భాగంలో అడ్రినల్ గ్రంథిని పురమాయించే జన్యువుల్ని అణిచేస్తుంది, వాడకం ఎక్కువరోజులు సాగితే ఆ గ్రంథి కుంచించుకుపోతుంది. అందుకే ఒక్కసారిగా మానేస్తే మనిషి కుప్పకూలుతాడు. గ్రిప్-1 అనే ఒకే కోఫ్యాక్టర్ కొన్ని జన్యువుల దగ్గర లేపేవాడిగా, రక్షణ కణాల్లో కొన్ని వాపు జన్యువుల దగ్గర అణిచేవాడిగా పనిచేస్తుంది. మంచి, చెడు అని విడదీసే వీలు మందులోనే లేదు. ఏ కణంలో, ఏ జన్యువు దగ్గర, ఎన్నిరోజులు అన్నదే ప్రశ్న.

కోవిడ్ దీన్ని కళ్ళకు కట్టింది. 2020లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే మందుల పరీక్షలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి డెక్సామెథసోన్ ఇస్తే 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళలో ఏ మేలూ కనిపించలేదు. ఇవ్వనివాళ్ళలో 14 శాతం చనిపోతే ఇచ్చినవాళ్ళలో 17.8 శాతం, ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, మేలు మాత్రం లేదు. ఆ అంకెలు చేతిలో ఉండగానే 2021 వేసవిలో మనవాళ్ళు జ్వరం వచ్చిన మొదటిరోజే ఇంట్లో కూర్చుని స్టెరాయిడ్ మింగారు. రక్షణ కణాలు అణిగాయి, షుగర్ ఎగిసింది, బ్లాక్ ఫంగస్ లేచింది. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి వార్డులు కళ్ళూ దవడలూ పోగొట్టుకున్నవాళ్ళతో నిండిపోయాయి. అణగాల్సినవి, లేవకూడనివి, రెండూ ఒకే రిసెప్టర్ చేతిలో ఉన్నాయని ముందే చెప్పి ఉంటే అందరూ మానేసేవాళ్ళని నేననను. కొందరైనా మందులషాపు ముందు ఆగి ఆలోచించేవాళ్ళు.

మా స్టాఫ్‌రూములో ఈ మాట అంటే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలకి హిస్టోన్లూ కోరెప్రెసర్లూ ఎందుకు, బుర్ర పాడవుతుంది, ముందు సులువైన బొమ్మ నేర్పి తర్వాత సరిదిద్దుకోవచ్చు అంటారు. తర్వాత అనేది ఎంతమందికి వస్తుంది? ఇంటర్‌తో జీవశాస్త్రం వదిలేసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళే రేపు అమ్మకి మందు కొనేది, బిడ్డకి సూది వేయించేది. పైగా ఇది కష్టమేమీ కాదు. ప్రోటీన్ల పేర్లన్నీ నేర్పక్కర్లేదు. రిసెప్టర్ ఒంటరిగా పనిచెయ్యదు, లేపే జట్టూ అణిచే జట్టూ ఉంటాయి, ఒక్కో కణంలో ఆ జట్లు వేరుగా ఉంటాయి, హార్మోను లేనప్పుడు కూడా పని జరుగుతూ ఉంటుంది. ఈ నాలుగు మాటలు మా పిన్నికి ఒక సాయంత్రంలో అర్థమయ్యాయి.

నా చేతిలో ఉన్నంతవరకు నేను మార్చేశాను. తాళంచెవి బొమ్మ బోర్డు మీద వెయ్యను. కైరోనోమస్ పఫ్ చూపించిన వెంటనే టామోక్సిఫెన్ చెబుతాను, ఆ తర్వాతే రిసెప్టర్ నిర్మాణం. ఈసారి ఇంటర్నల్ పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఇస్తున్నాను: థైరాయిడ్ గ్రంథి లేని ఎలుకలో రిసెప్టర్‌ని తీసెయ్యకుండా, కోరెప్రెసర్ దాన్ని పట్టుకునే చోటు మాత్రమే చెడగొడితే ఆ ఎలుక పాలు మానేదాకా బతుకుతుందా? జన్యువు దగ్గర ఎవరెవరు ఉంటారో బొమ్మ గీసి, మీ కారణం రాయండి.